అప్పలసూరి పేరు మీద పాసు

మా వదిన జగ్గమ్మ నన్ను దొంగ అంది. ఇంట్లో అని ఉంటే పడేవాణ్ని. చేపల వేలం పాట జరిగే షెడ్డులో, పేట పెద్దలు బెంచీల మీద కూర్చుని ఉండగా, నా పెళ్లాం దానమ్మ స్తంభానికి ఆనుకుని వింటూ ఉండగా అంది.

“నా మొగుడు బతికుండగానే ఆడి పాసు మెళ్లో ఏసుకుని బస్సుల్లో ఊరేగినాడు. ఆడి పేరు కూడా ఎత్తుకుపోయినాడు. ఇప్పుడు ఆడి జాగా కావాలట. ఇలాంటి దొంగకి సూది గుచ్చేటంత సోటు కూడా ఇయ్యను,” అంది.

నేను అయిదో తరగతిలో బడి మానేసినవాణ్ని. నలుగురిలో మాట్లాడ్డం నాకు చేతకాదు. ఇన్నేళ్లుగా వేటకు వెళుతున్నాను, ఇంకొకడి వలలో చేప ముట్టుకోలేదు. ఆ మాటైనా ఆవేళ నా నోటికి రాలేదు. ఆ వేసవిలో ఏం జరిగిందో వదినకు తెలిసింది సగమే. మిగతా సగం నాకూ మా అన్నకూ తెలుసు. అన్న లేడు గనక నేనే చెప్పాలి.

అన్న గొంతు మాఘమాసం నుంచే బొంగురుపోయింది. మంచు అనుకున్నాం. బీడీలు అనుకున్నాం. అరసవల్లి వెళ్లి మొక్కు తీర్చుకుని వచ్చాం. తగ్గలేదు. వేట ఆపే రోజులు దగ్గర పడ్డాక శ్రీకాకుళంలో డాక్టరు గొంతులోకి లైటు వేసి చూసి, విశాఖపట్నం తీసుకుపొమ్మని చీటీ రాసిచ్చాడు.

ఏటా చైత్రం, వైశాఖాల్లో చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు రెండు నెలలు వేట ఆపేస్తుంది. పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. మగవాళ్లం వలలు బాగుచేసుకుంటూ, ఇళ్ల కప్పులు నేసుకుంటూ ఆ రెండు నెలలూ ఈడుస్తాం. ‘రోగం కూడా సెలవుల్లోనే వచ్చినాది, మంచిదే,’ అన్నాడు అన్న. అప్పటికింకా మాట వచ్చేది.

విశాఖలో పెద్దాస్పత్రి డాక్టరమ్మ కాగితాలన్నీ చూసింది.

“గడ్డ చిన్నదే. కరెంటు పెడితే, అంటే రేడియేషన్ ఇస్తే పోతుంది. ఆరు వారాల పైన పడుతుంది. శని, ఆదివారాలు తప్ప ఒక్క రోజు మానకూడదు. మధ్యలో మానేస్తే మళ్లీ పెరుగుతుంది. అప్పుడు నేను చెయ్యగలిగింది ఉండదు,” అని మా ముగ్గురి మొహాల్లోకీ చూసింది. “ఎక్కడుంటారు?”

“రేవు దగ్గర మా మరిది వరసోడు ఉన్నాడమ్మా,” అంది వదిన.

“రేవంటే ఊరికి ఆ చివర. రోజూ రాగలరా?”

“నెత్తిమీద గంపెట్టుకుని రోజూ ఊళ్లు తిరిగి సేపలమ్మినదాన్ని. బస్సులో కూకుని రాలేనా?”

వైద్యానికి ఆరోగ్యం కార్డు సరిపోయింది. బస్సుకే మా దగ్గర ఏ కార్డూ లేదు.

మా పెదనాన్న కొడుకు గోవింద్ రేవులో పెద్ద బోట్ల మీద కలాసీ. ఒంటిగది ఇల్లు. అందులోనే మాకు చాప పరిచాడు. ఆ సాయంత్రం నలుగురం గుమ్మం దగ్గర కూర్చుని బస్సు సంగతి మాట్లాడుకున్నాం. రేవు నుంచి ఆర్టీసీ కాంప్లెక్సుకి ఒక బస్సు, అక్కణ్నించి గాజువాక దాటి ఆస్పత్రికి ఇంకో బస్సు. మళ్లీ రావడానికి అలాగే రెండు.

“ఏ రోజుకారోజు టికెట్టు కొనుక్కోండి, సుఖం,” అన్నాడు గోవింద్. “రోజంతా తిరగడానికి ఒకటే టికెట్టు కూడా ఇస్తారు. నెల పాసంటే డబ్బు ముందే పోతాది.”

“ముందే పోతే ఏటి? పాటలో కుప్ప పాడుకున్నప్పుడు ముందే ఇయ్యమా? సేప సేపా కొంటే ఎంతవుతాది, కుప్ప కొంటే ఎంతవుతాది, నువ్వే సెప్పు,” అంది వదిన.

“అదీ ఇదీ ఒకటేటి వొదినా? కుప్పలో కుళ్లిపోయినవి కూడా వస్తాయి. శనీ ఆదివారాలు మీరెలాగా ఎల్లరు. ఆ రోజులకి కూడా డబ్బు కడతన్నారు గదా.”

“ఆ రెండ్రోజులూ మీ అన్నని జూ పార్కు సూపించి తెస్తాను. నీకేటి నొప్పి?”

“తేదు. అక్కడే బోనులో ఎట్టీసి వచ్చేస్తాది,” అన్నాడు అన్న. నవ్వబోతే దగ్గు వచ్చింది. వదిన వీపు రాసింది.

వదినకు టికెట్టు బెంగ లేదు. ఆడవాళ్లకు బస్సు ఉచితం. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. డబ్బు పెట్టాల్సింది అన్నకూ నాకూ. రెండు పాసులంటే వదిన ఒప్పుకోలేదు.

“నువ్వెందుకు రోజూ? నానున్నాను గదా.”

“నీకు బస్సు మీద బోర్డు సదవడం రాదు వొదినా.”

“నోరున్నాది గదా. అడుగుతాను.”

చివరికి అన్నకు మాత్రం నెల పాసు తియ్యాలనీ, నేను టికెట్టు కొనుక్కుని తోడు రావాలనీ తేలింది. మర్నాడు పొద్దున్నే కాంప్లెక్సులో పాసులిచ్చే కిటికీ దగ్గర నిలబడ్డాం. గోవింద్ తెల్ల చొక్కా అన్నకు తొడిగి ఫోటో తీయించాం. కోర మీసం, కుడి చెవికి పోగు. పెళ్లికొడుకులా ఉన్నావని వదిన ఏడిపించింది.

“ఆర్డినరీకా, మెట్రోకా?” అంది కిటికీలో అమ్మాయి.

మేం ముఖముఖాలు చూసుకున్నాం. ఆ అమ్మాయి విసుక్కోకుండా చెప్పింది. ఆర్డినరీ పాసు చవక, కానీ ఆ బస్సులే ఎక్కాలి, మిగతావి ఎదురుగా వచ్చినా వదిలెయ్యాలి. మెట్రో పాసుకి ఇంకొంచెం ఎక్కువ, అయితే రెండు రకాలూ ఎక్కొచ్చు.

“సవక్కి ఇచ్చీ అమ్మా,” అంది వదిన.

“వద్దు,” అన్నాను నేను. “అన్న ఎండలో నిలబడలేడు. ఏ బస్సు ముందొస్తే అదెక్కాలి. మెట్రోకే ఇయ్యండి.”

ఆ పైడబ్బులు నా జేబులోంచి తీసి ఇచ్చాను. ఈ సంగతి వదిన పెద్దల ముందు చెప్పలేదు.

పాసు చేతికిస్తూ ఆ అమ్మాయి, “ఫోటోలో ఉన్నాయనకే చెల్లుతుంది. వేరేవాళ్లు ఎక్కకూడదు,” అంది. అనలేదని నేనెప్పుడూ అనలేదు. కానీ పడవ లైసెన్సు కూడా సర్కారు ఒక్కడి పేరు మీదే ఇస్తుంది. ఆ ఒక్కడే వేటకు వెళతాడా? వాడు జ్వరంతో పడుకుంటే పడవ ఒడ్డున కూర్చుంటుందా? ఇంట్లో ఎవడికి ఓపికుంటే వాడు తోస్తాడు. ఆ అమ్మాయి మాట నాకు ఆ లెక్కలోనే చెవికెక్కింది.

వదిన పాసుని కళ్లకద్దుకుని, గోవింద్ గోడ మీది సూర్యనారాయణమూర్తి పటానికి తాకించి, తాడు కట్టి అన్న మెళ్లో వేసింది.

మొదటి వారం బాగానే నడిచింది. కిటికీ పక్కన సీటు దొరికితే అన్న చిన్నపిల్లాడిలా బయటికి చూసేవాడు. కండక్టరు అడక్కుండానే పాసు తీసి చూపించేవాడు. ఊళ్లో ఉండగా చేపల గంపతో ఎక్కబోతే, వాసనని చెప్పి దించేసిన బస్సులు వదినకు గుర్తుండిపోయాయి. ఇక్కడ దర్జాగా ముందు సీట్లో కూర్చుని, “దించమను ఇప్పుడు సూద్దాం,” అనేది నాతో.

రెండో వారానికి అన్న మెడ మీద చర్మం నల్లబడింది. మూడో వారానికి మాట పోయింది. డాక్టరమ్మ ముందే చెప్పింది, అది మామూలే, తర్వాత వస్తుందని. మెడ చుట్టూ పల్చటి తువ్వాలు కప్పుకుని అన్న సైగలతోనే పని నడిపించాడు. వదినకు సగం అర్థమయ్యేవి కావు. నాకు అన్నీ అర్థమయ్యేవి.

ఇంజను పడవలు కొనక ముందు మేమిద్దరం తెప్ప మీద వేటకు వెళ్లేవాళ్లం. అన్న వెనకుండి తెడ్డు వేసేవాడు, నేను ముందుండి వల. అలల హోరులో మాట వినబడదు. అన్నీ చేతులతోనే. ఏ తెప్ప సైగలు ఆ తెప్పవే, మావి మా ఇద్దరికే తెలుసు. పిడికిలి బిగించి తిప్పితే వల ఎత్తెయ్, ఇంటికి పోదాం అని. అరచెయ్యి గుండెకు ఆనించి, తర్వాత ఎదుటివాడి వైపు వెల్లకిలా తిప్పితే ఇవాళ నా వాటా నువ్వు తీసుకో అని. దానమ్మ పురిటికి ఆస్పత్రిలో ఉన్నప్పుడు అన్న వారం రోజులు నాకు ఆ సైగే చేశాడు.

ఆస్పత్రిలో పొద్దున్నే వెళ్లి పేరు చెప్పుకుంటే, మా వంతు వచ్చేసరికి సాయంత్రమయ్యేది. పొద్దస్తమానం ముగ్గురం వరండాలో సిమెంటు బల్ల మీద. ఇక్కడ నేను ఖాళీగా ఉన్నాను, అక్కడ రేవులో ఒడ్డెక్కిన బోట్లకు వలలు బాగుచేసే మనుషులు చాలడం లేదు. పూట పనికి కూడా పిలుస్తున్నారని గోవింద్ చెప్పాడు. కానీ మధ్యలో వెళ్లి సాయంత్రం మళ్లీ రావాలంటే, వచ్చిన కూలిలో చాలా మటుకు టికెట్లకే పోతుంది. ఒకనాడు వదిన టీ తేవడానికి వెళ్లినప్పుడు ఆ మాట అన్నతో అన్నాను.

అన్న తువ్వాలు పైకెత్తి, మెళ్లో పాసు తీసి నా మెళ్లో వేశాడు. అరచెయ్యి గుండెకు ఆనించాడు. నా వైపు తిప్పాడు.

“వొదినకి సెప్పనా?” అన్నాను.

వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. చెబితే ఆమె పడనివ్వదని ఇద్దరికీ తెలుసు. దేవుడి పటానికి తాకించిన వస్తువు మొగుడి ఒంటి మీదే ఉండాలంటుంది.

మా పేటలో పద్ధతి ఒకటుంది. మనిషి మంచాన పడితే అతని వల ఇంట్లో పడి ఉండదు. ఇంకొకడు దాన్ని వేటకు తీసుకెళతాడు. ఆ వల మీద వచ్చిన దాంట్లో సగం మంచాన పడ్డవాడిది. పంపకం దగ్గర పిలిచేది కూడా మంచాన ఉన్నవాడి పేరే. ‘అప్పలసూరి వాటా’ అని పిలిస్తే, బదులు వెళ్లినవాడు ‘ఓయ్’ అని పలికి తీసుకుంటాడు. పాసు కూడా నాకు అలాంటి వలే. రోజూ దాని మీద రేవుకు వెళ్లి, ఓ పూట వల అల్లి, సాయంత్రం వంతు వేళకు ఆస్పత్రికి వచ్చేవాణ్ని. వదిన చూడకుండా అన్న మెళ్లో వేసి, నాకు టికెట్టు కొనుక్కుని ముగ్గురం ఇంటికి వచ్చేవాళ్లం. శనివారం శనివారం నా కూలిలో సగం వదిన చేతిలో పెట్టేవాణ్ని. ఆ డబ్బుతోనే ఆమె అందరికీ వండింది. దొంగ సొమ్మని అప్పుడు అనలేదు.

ఆరోజు ఎండ మండిపోయింది. మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు మబ్బు లేచింది. పని ముగించుకుని బస్సెక్కాను. గాజువాక దాటాక ఒక స్టాపులో చెకింగ్ వాళ్లు ముందు తలుపు నుంచి ఒకరు, వెనక తలుపు నుంచి ఒకరు ఎక్కారు. వెనకాయన నా దగ్గరకు వచ్చాడు. పెద్ద వయసు మనిషి. మా వైపువాడే, మాట బట్టి తెలిసింది.

పాసు చూపించాను. ఆయన ఫోటో చూశాడు. నన్ను చూశాడు.

“పేరేటి?”

“అప్పలసూరి.”

“మీసమేది?”

“ఎండాకాలం గదా బాబూ. తీసీసినాను.”

“సెవికి కన్నం కూడా పూడ్సీసినావేటి?”

ముందు సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను చెవి తడుముకున్నాను. అప్పుడు నిజం చెప్పాను.

“మా అన్నియ్యది బాబూ. ఆయన బదులు నానెక్కినాను. బదులెక్కినోడు అప్పలసూరే అవుతాడు గదా.”

“ఇదేటి, నాటకంలో ఏషమా, ఒకడి బదులు ఇంకొకడు కట్టడానికి?”

“ఆయన ఆస్పత్రిలో ఉన్నాడు. కరెంటు పెడతన్నారు. తీసుకురావడానికే ఎల్తన్నాను. ఇది లేకపోతే ఆయన ఎక్కలేడు.”

“మనిషి ఆస్పత్రిలో, పాసు బస్సులో,” అన్నాడాయన. కోపంగా అనలేదు. అలసిపోయినట్టు అన్నాడు. “ఇలాంటివి రోజుకి పది వింటాను నాయినా. దిగు.”

పాసు తీసుకున్నారు. జరిమానా కట్టమన్నారు. నా దగ్గర అంత లేదు. డిపోలో ఒక బెంచీ మీద కూర్చోబెట్టారు. గోవింద్‌కి ఫోన్ చేశాను. వాడు బోటు మీద పనిలో ఉన్నాడు, ఊరికి ఆ చివర నుంచి రావాలి. నేను కూర్చున్న చోటు నుంచి రోడ్డు కనబడుతోంది. గాలి లేచింది. దుమ్ము లేచింది. తర్వాత వాన పడింది. మామూలు వాన కాదు, రేకుల మీద గులకరాళ్లు కుమ్మరించినట్టు. వదినకు ఫోన్ లేదు.

గోవింద్ తడిసి ముద్దై వచ్చి, గుమ్మంలోంచే, “ఒరే అసిరయ్యా, ఏటి సేసినావురా!” అని అరిచాడు.

బల్ల దగ్గరాయన తలెత్తి, “అప్పలసూరి అన్నావట గదా?” అన్నాడు.

గోవింద్‌కి సంగతి అర్థమై, నవ్వొచ్చింది. అంత కష్టంలోనూ నవ్వాడు వెధవ.

అక్కడ ఆస్పత్రి దగ్గర జరిగింది వదిన తర్వాత చెప్పింది. ఆరోజు వంతు ముందే వచ్చింది. నా కోసం చూడకుండా వెళ్లిపోదామని వదిన అన్నను తీసుకుని స్టాపుకు వచ్చింది. అన్న ఆగుదామని సైగ చేశాడు. ఆమెకు అర్థం కాలేదు. మబ్బు పట్టింది బేగి ఎక్కు అని చెయ్యి పట్టి ఎక్కించింది. కండక్టరు వచ్చి ఆమెకు సున్నా టికెట్టు కొట్టి, అన్న వైపు చూశాడు.

“ఆయనకి పాసున్నాది బాబూ,” అంది వదిన.

“చూపించమనండి.”

అన్న కదల్లేదు. వదిన తువ్వాలు తీసింది. మాడిన మెడ. తాడు లేదు.

“పొద్దున్న ఉన్నాది. ఈ సేతుల్తో నానే ఏసినాను.”

“లేకపోతే టికెట్టు కొనండమ్మా.”

“పాసున్నోడికి టికెట్టేటి? నెలకి కట్టీసినాం. రోజూ నువ్వే సూసినావు గదా ఈయన్ని?” అని వదిన చేపల బజారు గొంతు ఎత్తింది. ఆమె దగ్గర డబ్బుంది. కొనొచ్చు. కానీ కుప్పకి డబ్బు కట్టాక మళ్లీ చేపకి కట్టే మనిషి కాదు. బస్సంతా వెనక్కి తిరిగి చూసింది. ఆమె అన్న జేబులు తడిమింది, చొక్కా పైకెత్తి చూసింది. మా అన్న నలుగురి ముందు చేతులు పైకెత్తి నిలబడ్డాడు. తర్వాత ఆమె చెయ్యి తీసేసి, తనే దిగిపోయాడు.

ఆ తర్వాత వచ్చిన ఏ బస్సూ ఎక్కలేదు. వదిన టికెట్టు కొంటానంది, దండం పెట్టింది. ఎక్కలేదు. ఎందుకెక్కలేదో ఆమెకు ఇవాళ్టికీ తెలీదు. నాకు తెలుసు. నేను వస్తానని చెప్పాను గనక. నేను వస్తే పాసు చేతులు మారుతుంది, దారిలో పడిపోయింది దొరికిందని ఏదో ఒకటి చెప్పుకోవచ్చు, నా మీద మాట పడదు. అందుకని ఆ కప్పు లేని స్టాపులో వానంతా నెత్తిన పోసుకుంటూ కూర్చున్నాడు.

గోవింద్ జరిమానా కట్టాక మేం ఆస్పత్రికి వెళితే వాళ్లు లేరు, వాన వెలిశాక వదిన అన్నను ఆటో ఎక్కించిందట. మేం గదికి చేరేసరికి వాళ్లు అప్పుడే వచ్చారు. వదిన గుమ్మంలో చీర కుచ్చెళ్లు పిండుకుంటోంది. అన్న గోడకు చేరబడి ఉన్నాడు, పళ్లు కొట్టుకుంటున్నాయి. నేను జరిగింది చెప్పాను. పాసు సంగతి, కూలి సంగతి, చెకింగ్ సంగతి. నేను చెప్పనిది ఒకటే, దాన్ని గోవింద్ చెప్పాడు.

“పేరడిగితే అప్పలసూరి అన్నాడట వొదినా, సిగ్గు లేకుండా!”

వదిన చీర పిండడం ఆపింది.

“ఏ పేరు సెప్పినావు?”

నేను వంగి చెప్పులు విప్పుకున్నాను.

“ఆయన బతికున్నాడు గదరా,” అంది.

అన్న నా వైపు చూసి నవ్వాడు. నవ్వితే గొంతు నొప్పి, అయినా నవ్వాడు. వదిన ఆ నవ్వు చూడలేదు. ఆమె నన్నే చూస్తోంది.

ఆ రాత్రికే అన్నకు జ్వరం తగిలింది. మూడు రోజులు తగ్గలేదు. తగ్గాక పొద్దున్నే స్నానం చేయించి, “టికెట్లు నాను కొంటాను. లే అన్నియ్యా,” అన్నాను. అన్న చాప మీద కూర్చుని, పిడికిలి బిగించి తిప్పాడు.

“ఏటంటన్నాడు?” అంది వదిన.

“ఇంటికి పోదామంటన్నాడు.”

“సగంలో ఒగ్గీసా? ఓలమ్మా! సెప్పరా నువ్వైనా!”

చెప్పాను. గోవింద్ చెప్పాడు. ఆటో పిలిచాం. వదిన మొగుడి కాళ్ల మీద తల పెట్టింది. అన్న మళ్లీ పిడికిలి తిప్పాడు. మా అన్న పడవకు తండేలు, వేటలో అందరికీ పెద్ద. తండేలు వల ఎత్తమన్నాక ఎత్తాల్సిందే. నేనొక్కణ్నే ఆస్పత్రికి వెళ్లి డాక్టరమ్మతో చెప్పాను. ఆమె నన్ను తిట్టలేదు. కళ్లజోడు తీసి తుడుచుకుని, “మనసు మారితే ఎప్పుడైనా తీసుకురండి,” అంది. తిట్టి ఉంటే బాగుండేది.

వేట తెరిచాక అన్న బదులు నేనే తండేలునై వెళ్లాను. పంపకంలో ‘అప్పలసూరి వాటా’ అని పిలిస్తే నేనే పలికాను. తెచ్చి వదిన ముందు పెట్టాను. ఆమె తీసుకుంది, నాతో మాట్లాడలేదు. అన్నకు మాట మళ్లీ రాలేదు. పగలంతా వలలు ఆరబెట్టే మా జాగాలో, తూర్పు పక్కన కూర్చునేవాడు. అక్కణ్నించి పడవలు కనబడతాయి. చేతిలో అల్లుకర్ర ఉండేది. వల కదిలేది కాదు.

భాద్రపదంలో ఒకనాడు నేను వేట నుంచి తిరిగి వస్తున్నాను. ఒడ్డు ఇంకా దూరంగా ఉండగానే మా జాగాలో జనం కనబడ్డారు. వలలు ఆరేసే గుంజల మధ్య అంతమంది ఎందుకుంటారు? ఇంజను ఆపి, అలల మీదే కాసేపు ఉండిపోయాను.

ఇక జాగా సంగతి. మొత్తం ఏడు సెంట్లు. పడమటి సగం నాది, తూర్పు సగం అన్నది. వలలు ఆరేసే జాగా, వేటకు వెళ్లే మగవాడి వెంట పోవడం మా పేట పద్ధతి. అన్నకు కొడుకుల్లేరు, యమున ఒక్కతే కూతురు, శ్రీకాకుళంలో నర్సు చదువు చదువుతోంది, ఆవేళ వచ్చి తల్లి పక్కనే ఉంది. ఇల్లు వదినకు, జాగా నాకు అని పెద్దలు చెప్పబోతుండగా, ఆమె లేచి నన్ను దొంగ అంది.

షెడ్డులో గుసగుసలు ఆగాక పేట పెద్ద నన్నడిగాడు.

“పాసు మీ అన్నే ఇచ్చినాడంటన్నావు. ఎవులు సూసినారు?”

“ఎవులూ సూడనేదు తాతా.”

“నోటితో సెప్పినాడా?”

“నోరెక్కడున్నాది అప్పుడుకి? సైగ సేసినాడు.”

“నోరు లేనోడి మీదికి తోసేస్తన్నాడు! సూసినారా?” అంది వదిన.

“ఉండవే జగ్గీ. ఏటిరా ఆ సైగ?”

నేను లేచి నిలబడ్డాను. అరచెయ్యి గుండెకు ఆనించాను. వెల్లకిలా ఆయన వైపు తిప్పాను.

వదిన రెండడుగులు ముందుకు వచ్చింది.

“ఇంకోపాలి సెయ్యి,” అంది.

చేశాను.

“అదే,” అంది. ఆ గొంతులో అంతకు ముందున్న బజారు లేదు. “నాకూ అదే సేసినాడు. పోయిన రోజున. తూరుపు పక్క కూకోబెట్టమన్నాడు. కూకున్నాక జాగా అంతా ఓపాలి సూసి, నన్ను సూసి, అలాగే సేసినాడు. దాహమనుకున్నాను. నీళ్లిచ్చినాను. తాగనేదు. మళ్లీ సేసినాడు. మళ్లీ నీళ్లే ఇచ్చినాను.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తీసింది. “ఏటిరా దానర్థం? నీకే తెలుసు. సెప్పు.”

పెద్దలు నా వైపు తిరిగారు. దానమ్మ స్తంభం వదిలి నిటారుగా నిలబడింది. ఆ సైగ తెలిసినవాణ్ని ఇక భూమ్మీద నేనొక్కణ్నే. 

“నా వాటా నువ్వు తీసుకో అని,” అన్నాను.

 పేట పెద్ద, “అయితే మరేటున్నాది, తూరుపు పక్క జగ్గిదే,” అని కర్ర పట్టుకుని లేచాడు. వదిన యమున భుజం పట్టుకుని ఇంటికి వెళ్లిపోయింది. దొంగ అన్న మాట వెనక్కి తీసుకోలేదు. ఇవాళ్టికీ తీసుకోలేదు. ఎదురుపడితే పక్కకు తిరిగి పోతుంది.

ఇంటికి వచ్చాక దానమ్మ అన్నం పెడుతూ, “ఆ సైగకి అర్థం ‘నువ్వెల్లు’ అని సెప్పీసుంటే సరిపోయేది గదా. పాసుకీ సరిపోయేది, ఆవిడికీ సరిపోయేది. ఎవులికి తెలుస్తాది?” అంది.

నేను తిన్నాను. చెయ్యి కడుక్కున్నాను.

నాకు పోయింది మూడున్నర సెంట్లు. తూర్పు పక్కది. పడవలు కనబడేది.